పాక్ క్యోంగ్ని: విన్న మాట మీద కట్టిన చారిత్రక నవల

ఇరవయ్యో శతాబ్దపు కొరియన్ సాహిత్యంలో చారిత్రక నవలను దారి మళ్లించిన రచయిత్రి పాక్ క్యోంగ్ని (1926-2008). ఆమె పేరు చెప్పగానే కొరియన్లకు ముందుగా గుర్తొచ్చేది 'తోజీ'. ఆ మాటకు భూమి అని అర్థం. 1969లో మొదలైన ఈ నవల 1994లో గానీ పూర్తి కాలేదు. మొత్తం ఐదు భాగాలు. సంపుటాల లెక్క ముద్రణను బట్టి 16 నుంచి 21 దాకా మారుతూ వచ్చింది. కథ 1897లో ఒక పండగ రోజున మొదలై 1945 ఆగస్టు 15న జపాన్ లొంగిపోయిన వార్తతో ముగుస్తుంది. ఆరు వందలకు పైగా పాత్రలు ఇందులో పుట్టి, పెరిగి, వలసపోయి, చనిపోతాయి. ఇలాంటి రచనను కొరియన్లు 'తేహా సొసొల్' అంటారు. మహానది లాంటి నవల అని ఆ మాటకు అర్థం.

ఇంత పెద్ద నవలకు ఆధారాలు ఎక్కడివి అని అడిగితే రాజుల దినచర్యలు, యుద్ధ నివేదికలు, ప్రభుత్వ దస్త్రాలు అన్న జవాబు ఎదురుచూస్తాం. పాక్ క్యోంగ్ని విషయంలో జవాబు వేరు. అమ్మమ్మ చెప్పిన ఒక సంగతి, పుట్టిన ప్రాంతపు యాస, సొంత బతుకులో తగిలిన దెబ్బలు. చరిత్రను ఆమె వీటి మీదే కట్టారు.

పండిన చేను, కోసే చెయ్యి లేని ఊరు

ఆ సంగతి కొజె దీవికి చెందినది. ఎవరో ఒక ఆసామికి కనుచూపు మేర వరి పొలాలున్నాయి. చేను పండి బంగారు రంగు తిరిగింది. సరిగ్గా అప్పుడే ఊరిమీద కలరా వచ్చి పడింది. తెలంగాణ పల్లెల్లో గత్తర అన్న ఆ జబ్బును అక్కడి పాతతరం 'హోయొల్జా' అనేది. ఇంటిల్లిపాదీ పోగా ఒక్క ఆడపిల్ల మిగిలింది. వెన్నులు బరువెక్కి వంగిపోయినా కొడవలి పట్టే చెయ్యి లేదు. తర్వాత ఎవడో ఒక మగవాడు వచ్చి ఆ పిల్లను తీసుకుపోయాడట. కొన్నేళ్లకు ఎక్కడో ఒక పూటకూళ్ల ఇంట్లో ఆమె అంట్లు తోముతూ ఊరివాళ్ల కంటపడిందట.

చిన్నప్పుడు విన్న ఈ మాట పాక్ మనసులో రెండు రంగులుగా ఉండిపోయింది. పండిన వరి పసుపు ప్రాణం, కలరా నలుపు చావు. రెండూ ఒకే పొలంలో, ఒకే రోజున. 'తోజీ' మొదటి భాగంలో కలరా ఊళ్లోకి వచ్చి భూస్వాములైన చ్వె వారి లోగిలిని తుడిచిపెట్టే ఘట్టం, తర్వాత ఒంటరిగా మిగిలే సొహీ అనే పిల్ల, రెండూ ఆ మాటలోంచే వచ్చాయి. 1902లో కొరియాలో కలరా నిజంగానే ప్రబలింది. అయినా ఆ ఘట్టానికి బలం ఆ సంవత్సరం నుంచి రాలేదు, కొయ్యని చేను నుంచి వచ్చింది. అమ్మమ్మ సంగతిలోని పిల్ల అంట్లు తోముతూ అంతమైపోతే, సొహీ పోయిన ఆస్తిని అంగుళం అంగుళం తిరిగి సంపాదిస్తుంది. ఆ నిజమైన పిల్లకు దక్కనిదాన్ని పాతికేళ్లు కూర్చుని రాసి ఇచ్చారా అనిపిస్తుంది ఈ నవల చదివితే.

తండ్రి లేని ఇల్లు

పాక్ క్యోంగ్ని 1926లో దక్షిణ తీరంలోని తోంగ్యోంగ్‌లో పుట్టారు. ఆ ఊరి పేరు ఒకప్పటి నౌకాదళ కేంద్రం నుంచి వచ్చింది. ముత్యపు చిప్ప పొదిగిన లక్క పెట్టెలకు, గుర్రపు వెంట్రుకలతో అల్లే టోపీలకు పేరుపడ్డ చేతిపనుల ఊరది. ఆమె అసలు పేరు కుమీ. తండ్రి పద్నాలుగేళ్లకే తనకంటే నాలుగేళ్లు పెద్దదాన్ని పెళ్లాడి, కూతురు పుట్టాక భార్యను వదిలేశాడు. తల్లి మీద జాలి, ఆమె నిస్సహాయత మీద కోపం, తండ్రి మీద ద్వేషం, ఈ మూడింటి మధ్యనే పెరిగానని ఆమె తర్వాత దాపరికం లేకుండా చెప్పుకున్నారు.

జిన్‌జులో బాలికల పాఠశాల చదువు 1945లో ముగిసింది. అది జపాన్ పాలన కాలం. బడిలో చదువంతా జపనీస్‌లోనే, బయటి ప్రపంచపు సాహిత్యం కూడా జపనీస్ అనువాదాల్లోనే చేతికందిన తరం వాళ్లది. ఆ రోజుల్లో ఆమె ఎవరికీ చూపించకుండా నోటుపుస్తకంలో కవితలు రాసుకునేవారు. 1946లో కిమ్ హేంగ్దోతో పెళ్లయింది. కూతురు, కొడుకు పుట్టారు. కొంతకాలం 38వ అక్షాంశానికి దగ్గర్లోని యొనాన్‌లో ఉపాధ్యాయురాలిగా పనిచేశారు. 1950లో యుద్ధం వచ్చింది. భర్త సియోల్‌లోని సొదేమున్ జైలు పాలై తిరిగి రాలేదు. 1956లో కొడుకు కూడా పోయాడు. ముప్పై ఏళ్లకే ఆ ఇంట్లో తల్లి, తను, కూతురు మిగిలారు. మూడు తరాల ఆడవాళ్లు, ఒక్క మగదిక్కు లేదు.

'తోజీ'లో చ్వె వారి వంశం ఆడవాళ్ల చేతుల మీదుగా నిలబడటాన్ని ఈ ఇంటికి దూరంగా పెట్టి చూడలేం. నాయనమ్మ యున్ గారు, తర్వాత మనవరాలు సొహీ. మగవాళ్లు హత్యకు గురవుతారు, పారిపోతారు, జైళ్లలో ఉంటారు. ఇల్లు నడిపేది, లెక్కలు చూసేది ఆడవాళ్లే.

మొదట ఆమె కవయిత్రిగానే కిమ్ దోంగ్ని దగ్గరికి వెళ్లారు. ఆయన అప్పటికే పేరున్న కథకుడు. కవితలు పక్కనపెట్టి కథలు రాయమని సలహా ఇచ్చి, 1955లో 'హ్యొందే మున్హాక్' అనే సాహిత్య పత్రికకు ఆమె మొదటి కథను సిఫారసు చేసింది ఆయనే. క్యోంగ్ని అనే కలం పేరు కూడా ఆయన పెట్టిందే. శైలిలో ఆమె ఆయనను అనుసరించలేదు. మూఢనమ్మకాలు, పల్లె దేవతలు, పూనకాల లోకం కిమ్ దోంగ్నికి ఇష్టమైన క్షేత్రం. 'తోజీ'లోని షమాన్ కూతురు వొల్సొన్ పాత్ర మాత్రం ఆ పొరుగు నుంచే వచ్చిందేమో అనిపిస్తుంది.

'తోజీ'కి ముందు

తొలి కథల్లో చరిత్ర లేదు, నిన్నటి గాయం ఉంది. 1957లో వచ్చిన 'అవిశ్వాస యుగం' అనే కథలో ఒక తల్లి కొడుకును వైద్యుల నిర్లక్ష్యం వల్ల పోగొట్టుకుంటుంది. ఆసుపత్రి, ఆలయం, చర్చి ఎక్కడికి వెళ్లినా డబ్బు లెక్కే ఎదురవుతుంది. ఇది రచయిత్రి సొంత దుఃఖమేనని అప్పుడే అందరూ గుర్తుపట్టారు. సొంత కథలే చెప్పుకుంటుందన్న విమర్శా వచ్చింది. ఆ మాట ఆమెను బాధించింది, ముందుకూ నెట్టింది.

1962లో 'మందుల కొట్టు కిమ్ కూతుళ్లు' వచ్చింది. తోంగ్యోంగ్‌లో ఒక మందుల వ్యాపారి కుటుంబం, ఐదుగురు కూతుళ్లు, పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి జపాన్ పాలన నడిమి దాకా ఆ ఇల్లు కూలిపోయే కథ. ఒక ఊరిని, దాని రేవును, చేపల వేలాన్ని, అక్కడి ఆడవాళ్ల మాటను పట్టుకుని కాలాన్ని చూపించవచ్చని ఆమెకు తెలిసింది ఇక్కడే. 'తోజీ'కి ఇది సాధన అనుకోవచ్చు. అయినా విడిగా చదివినా నిలబడే నవల ఇది. మరుసటి ఏడే సినిమాగా వచ్చింది. 1964 నాటి 'సంత, రణరంగం'లో యొనాన్ రోజులు, కొరియా యుద్ధం ఉన్నాయి. ఆ పేరులోనే ఆమె చూపు తెలుస్తుంది. తుపాకులు పేలుతున్న చోటు ఒకటి, బియ్యం కొనుక్కునే చోటు ఒకటి. యుద్ధాన్ని రెండో చోటు నుంచి చూడటం ఆమెకు అలవాటు.

పేరు, ఊరు, యాస

1969లో సియోల్ శివారు జొంగ్నుంగ్ ఇంట్లో 'తోజీ' రాయడం మొదలుపెట్టేటప్పటికి ఆమె వయసు 42. పేరు ఎంచుకోవడంలోనే ఒక నిర్ణయం ఉంది. నేలకు కొరియన్‌లో వేరే మాటలున్నాయి. 'తాంగ్' అంటే కాలికింద ఉండేది, 'తేజీ' అంటే పుడమి. 'తోజీ' అంటే మాత్రం వెంటనే దస్తావేజు గుర్తొస్తుంది. మనకు పట్టా, పహాణీ అన్న మాటలు వినగానే కలిగే భావన అది. ఎవరిది, ఎవరి పేరున ఉంది, ఎవరు కాజేశారు అన్న ప్రశ్నలు ఆ మాటతోనే పుడతాయి. సొంతం అనే భావన నుంచే మనిషి చరిత్ర మొదలైందని ఆమె నమ్మకం, అందుకే ఆ మాట.

కథాస్థలంగా హాదోంగ్ జిల్లాలోని ప్యోంగ్సారి ఊరిని ఎంచుకున్నారు. ఈ ఎంపికకు ఆమె చెప్పిన కారణం చారిత్రక నవలలు రాసేవాళ్లందరూ గుర్తుపెట్టుకోవలసినది. వేల బస్తాల కౌలు వచ్చే భూస్వామి కథ కాబట్టి పెద్ద మైదానం కావాలి. అలాంటి మైదానాలు పక్క ప్రాంతమైన చొల్లాలో బోలెడు. కానీ ఆమెకు చొల్లా యాస నోటికి రాదు. పుట్టి పెరిగిన క్యోంగ్సాంగ్ యాస తప్ప మరోటి రాయలేనని ఆమెకు తెలుసు. ఆ యాస మాట్లాడే ప్రాంతంలో అంత విశాలమైన పొలం సొమ్‌జిన్ నది ఒడ్డున, జిరిసాన్ కొండల పాదాల దగ్గర ఉన్న అగ్యాంగ్ మైదానమే. భాష ఊరిని ఎంచింది. నవల మొదలుపెట్టేముందు ఆమె ఆ ఊరు వెళ్లి తిరిగి చూసింది లేదు.

రెండో భాగం మంచూరియాలోని లోంగ్‌జింగ్‌లో జరుగుతుంది. ఆ పట్టణం అప్పట్లో కొరియన్ వలసదారులకు పెద్ద నెలవు. 1970లలో దక్షిణ కొరియావాళ్లు చైనా వెళ్లడానికి వీల్లేదు, రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు 1992లో గానీ ఏర్పడలేదు. ఆమె ఆ పట్టణాన్ని చూడకుండానే 1911లో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంతో రెండో భాగం తెరిచారు. చైనా ప్రయాణం ఆమెకు 1980ల చివరికి గానీ కుదరలేదు.

చూడకుండా రాయడాన్ని లోపంగా ఎంచేవాళ్లుంటారు. ఆమె బలం మరోచోట ఉంది. మనుషులు ఎలా మాట్లాడతారో, ఏం తిని ఎలా పడుకుంటారో, కౌలు కట్టలేని రోజున ఒకరి మొహం ఒకరు ఎలా తప్పించుకుంటారో ఆమెకు తెలుసు. ఆమె ప్రాణంగా చూసుకున్న వస్తువులు మూడు: కుట్టుమిషను, కొరియన్ నిఘంటువు, చిన్న చెక్క అల్మరా. యుద్ధం తర్వాత కుట్టుపని ఆమెకు బతుకుతెరువుగా ఆదుకుంది. నిఘంటువు అరిగిపోయేదాకా తిరగేశారు. అవి ఇప్పుడు ఆమె స్మారక భవనాల్లో ఉన్నాయి. గీతలు గళ్లుగా గీసిన రాతప్రతి కాగితం మీద, గడికో అక్షరం చొప్పున, కలంతో రాసిన పేజీల కట్టల పక్కనే ఆ మిషను ఉంటుంది. రెండూ చూస్తే ఒకే చేతి పని అని తెలుస్తుంది.

చరిత్ర ఊళ్లోకి ఎలా వస్తుంది

నవల 1897 ఛుసొక్ పండగతో తెరుచుకుంటుంది. ఛుసొక్ మన సంక్రాంతిలా కొత్త పంట పండగ. పిల్లలు కొత్త బట్టలు కట్టుకున్నారు, డప్పుల మోత ఊరవతల వినిపిస్తోంది, కొత్త బియ్యపు పిండివంటలు. ఆ సందడి మధ్యలోనే చ్వె వారి పెద్ద లోగిలి మీద ఒక నిశ్శబ్దం కమ్ముకుని ఉంటుంది. అదే నెలల్లో సియోల్‌లో కొజోంగ్ రాజు తనను తాను చక్రవర్తిగా ప్రకటించుకోబోతున్నాడు. ప్యోంగ్సారిలో ఆ మాట ఎవరికీ పట్టలేదు, పాక్ కూడా దాన్ని కథలోకి ఈడ్చుకురాలేదు.

ఆమె పద్ధతి ఇదే. 1894 తోంగ్హాక్ రైతు తిరుగుబాటు, 1905లో జపాన్ రక్షణ ఒప్పందం, 1910 విలీనం, 1919 మార్చి ఉద్యమం, 1923లో కాంతో భూకంపం తర్వాత జపాన్‌లో కొరియన్ల ఊచకోత, 1929 క్వాంగ్జు విద్యార్థి ఉద్యమం, అన్నీ ఈ నవలలో ఉన్నాయి. వాటిలో చాలా మటుకు రంగస్థలం మీద జరగవు. రేవు దగ్గర ఎవరో మోసుకొచ్చిన వార్తగా, సారాయి కొట్టులో తాగినవాడి నోట, చదువుకున్న కుర్రాళ్ల వాదులాటగా, జైలు నుంచి తిరిగొచ్చినవాడి మౌనంగా వస్తాయి. సామాన్యుడికి చరిత్ర అందేది అలాగే కదా. యుద్ధం గురించి ముందు తెలిసేది ఉప్పు ధరలో. భాగాల మధ్య కూడా ఆమె ఖాళీలు వదిలారు. మూడో భాగం 1919 మార్చి ఉద్యమం అయిపోయాక, ఆ ఏడాది శరత్తులో మొదలవుతుంది. గొప్ప ఘట్టం రాసే అవకాశాన్ని కావాలనే దాటేసి, అది ఓడిపోయాక మనుషులు ఏమయ్యారో చూడటానికి కూర్చున్నారు.

తోంగ్హాక్ తిరుగుబాటు అయితే నవల మొదలయ్యేసరికే ముగిసిపోయింది. కానీ దాని నీడ లోగిలి లోపలే ఉంది. యున్ గారు గుడికి వెళ్లినప్పుడు తోంగ్హాక్ నాయకుడు కిమ్ కెజు ఆమెను చెరిచాడు. అలా పుట్టిన బిడ్డ కిమ్ హ్వాన్ పేరు మార్చుకుని అదే ఇంట పనివాడుగా చేరి, తన అన్న, సొహీ నాన్న అయిన చిసు భార్యను తీసుకుని పారిపోతాడు. రైతుల న్యాయం కోసం లేచినవాడు ఆ ఇంటి ఆడదానికి చేసిన అన్యాయం రెండు తరాలు వెంటాడుతుంది. పాక్ ఏ పక్షాన్నీ శుద్ధంగా చూపించలేదు అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

సొహీ నాన్న హత్యకు గురయ్యాక, కలరాలో నాయనమ్మ పోయాక, దూరపు బంధువు చో జున్‌గు జపనీయుల అండతో ఆస్తినంతా కాజేస్తాడు. సొహీ ఊరివాళ్లు కొందరిని వెంటబెట్టుకుని లోంగ్‌జింగ్ చేరి, సోయా గింజలు, స్థలాల వ్యాపారంలో డబ్బు గడిస్తుంది. ఒకప్పుడు తన ఇంట్లో పనిచేసిన కిల్సాంగ్‌ను పెళ్లాడుతుంది. తర్వాత జిన్‌జుకు తిరిగొచ్చి తన భూములు తిరిగి రాబట్టుకుంటుంది.

ఇక్కడ ఒక చిన్న వివరం దగ్గర ఆగాలి. సొహీ కొడుకుల పేర్లు చ్వె హ్వాన్‌గుక్, చ్వె యున్‌గుక్. తండ్రి కిల్సాంగ్ ఇంటిపేరు కిమ్, మరి పిల్లలు చ్వె ఎలా అయ్యారు? ఆ రోజుల్లో కొరియాలో పిల్లలకు తండ్రి ఇంటిపేరే వచ్చేది. ఆడదానికి పెళ్లయినా ఇంటిపేరు మారదు, కానీ ఆమె వంశం ఆమెతో ఆగిపోయేది. సొహీ కుటుంబ నమోదు పుస్తకంలో భర్తను చ్వె కిల్సాంగ్‌గా, తనను కిమ్ సొహీగా తారుమారు చేయిస్తుంది. వంశం కోసం తన పేరునే వదులుకున్న ఆడది. జపాన్ కాలపు జనన మరణ నమోదు వ్యవస్థ, కొరియన్ వంశ నియమం, ఒక ఆడమనిషి పంతం, ఈ మూడూ ఒక్క కాగితం మీద కలిశాయి. పది పేజీల చరిత్ర పాఠం చెప్పలేనిది ఆ ఒక్క ఇంటిపేరు చెబుతుంది.

ఇంత పెద్ద కథలో పాఠకులు గుండెకు హత్తుకున్నది భూస్వాముల కథ కూడా కాదు, రైతు యోంగీ, షమాన్ కూతురు వొల్సొన్‌ల ప్రేమ. కులం అడ్డొచ్చి పెళ్లి కాలేదు. యోంగీకి వేరే పెళ్లాలున్నారు, వొల్సొన్‌కు పిల్లలు లేరు, యోంగీ కొడుకును తన కొడుకుగా పెంచింది. ఆమె చనిపోయేటప్పుడు అతను చాలా ఆలస్యంగా వచ్చి పక్కన కూర్చుంటాడు. ఇద్దరి మధ్య నాలుగు మాటలు. ఆ ఘట్టంలో తారీకు లేదు, రాజకీయం లేదు. కొరియన్లు దాన్ని 'హాన్' అనే మాటతో చెబుతారు. హాన్ అంటే పగ అనుకోవద్దని, తీరని బాధను మోస్తూనే బతుకు మీద పెంచుకునే ఆశ అని పాక్ పట్టుబట్టి చెప్పేవారు. ఆమె నమ్మిన ప్రాణతత్వం కూడా అదే. గడ్డిపోచ నుంచి మనిషి దాకా బతకాలనుకునే ప్రతిదీ ఆమెకు ఒక్కటే.

కట్టు కట్టుకుని రాసిన పేజీలు

మొదటి భాగం 1969 నుంచి 1972 దాకా 'హ్యొందే మున్హాక్'లో ధారావాహికగా వచ్చింది. మధ్యలో 1971లో రొమ్ము క్యాన్సర్ అని తేలింది. శస్త్రచికిత్స అయిన పదిహేను రోజులకు ఇంటికి పంపించారు. ఇల్లు చేరిన ఆ రోజే ఛాతీకి కట్టుతోనే రాయడానికి కూర్చున్నానని, ఆ పంతం తనకే భయంకరంగా అనిపించిందని ఆమె తర్వాత ముందుమాటలో చెప్పుకున్నారు.

1973లో కూతురు కవి కిమ్ జిహాను పెళ్లాడింది. సైనిక పాలన మీద వ్యంగ్య కావ్యం రాసి అప్పటికే ప్రభుత్వం కంట్లో పడ్డవాడు అతను. 1974లో మరణశిక్ష పడింది, తర్వాత దాన్ని జీవిత ఖైదుగా మార్చారు. ఇంట్లో పసిబిడ్డ. పాక్ మనవణ్ణి వీపున కట్టుకుని 'తోజీ' రెండో భాగం రాశారు.

ఆ రోజుల్లో ఒక ఉదంతం మరో చారిత్రక నవలాకారుడి కంట పడింది. 1975 ఫిబ్రవరి 15న కిమ్ జిహా విడుదలవుతాడని తెలిసి యొంగ్దుంగ్ఫో జైలు ముందు విలేకరులు, అభిమానులు గుమిగూడారు. ఎముకలు కొరికే చలి. గుంపుకు దూరంగా, పసివాణ్ణి వీపున కట్టుకుని నిలబడ్డ ఒక ఆడమనిషి, బిడ్డ ఏడవకుండా ఒళ్లు ఊపుతూ ఉంది. అక్కడున్న యువ విలేకరుల్లో కిమ్ హూన్ అనే అతను ఆమె పాక్ క్యోంగ్ని అని గుర్తుపట్టాడు. ఏళ్ల తర్వాత ఆ దృశ్యాన్ని వ్యాసంగా రాశాడు. నెల తిరక్కుండానే కిమ్ జిహాను మళ్లీ అరెస్టు చేశారు, మళ్లీ బయటికొచ్చింది 1980 చివర్లో.

ఆ కిమ్ హూన్ 2001లో 'ఖడ్గ గీతం' రాసి కొరియన్ చారిత్రక నవలలో మరో పెద్ద పేరయ్యాడు. పదహారో శతాబ్దపు నౌకాధిపతి యి సున్‌సిన్ కథ అది. యి రాసుకున్న యుద్ధ దినచర్య ఆ నవలకు ఆధారం. 2007లో వచ్చిన 'నమ్హాన్ కోట' కొండకోటలో చిక్కుకుపోయిన రాజు, మంత్రుల కథ. కిమ్ హూన్ పెన్సిలుతో, పొట్టి వాక్యాలతో రాస్తాడు. మొదటి వాక్యంలో ఒక విభక్తి ప్రత్యయం ఏది వాడాలా అని చాలాకాలం తర్జనభర్జన పడ్డాడని ప్రసిద్ధి. అతని దగ్గర చరిత్ర ఒక మనిషి ఒంట్లోకి కుంచించుకుపోతుంది. పాక్ దగ్గర అది ఆరు వందల మంది నోళ్లలోకి చెదిరిపోతుంది. అతని ఊపిరి పొట్టిది, ఆమెది పొడవాటిది. ఇద్దరూ గెలుపు గురించి రాయలేదు.

ముందువాళ్లు, తోటివాళ్లు

పాక్‌కు ముందు కొరియన్ చారిత్రక నవల ఎక్కువగా రాజాస్థానం చుట్టూ తిరిగింది. ఆ కోవలో పెద్ద పేరు పాక్ జొంగ్హ్వా. ఆ దారి నుంచి పక్కకు జరిగి, పదహారో శతాబ్దపు కసాయి కులపు బందిపోటు ఇమ్ కొక్‌జొంగ్ కథను 1928 నుంచి పత్రికలో రాసినవాడు హోంగ్ మ్యోంగ్హీ. ఆయన విభజన తర్వాత ఉత్తరానికి వెళ్లిపోవడంతో 1980ల చివరిదాకా దక్షిణాన ఆ పుస్తకం నిషేధంలో ఉంది. పాక్ రాస్తున్న కాలంలోనే హ్వాంగ్ సొగ్యోంగ్ 1974 నుంచి 1984 దాకా మరో బందిపోటు కథ 'చాంగ్ కిల్సాన్' రాశాడు. 1980లలో చో జొంగ్నే పది సంపుటాల 'తెబెక్ పర్వతశ్రేణి' వచ్చింది. వీళ్లందరిలో తిరుగుబాటుదారుడే కేంద్రం. పాక్ నవలలో తిరుగుబాటుదారులు బోలెడుమంది ఉన్నా కేంద్రంలో ఉన్నది ఊరు. 1972లో 'తోజీ' మొదటి భాగానికి వొల్తాన్ పురస్కారం వచ్చింది. వొల్తాన్ అన్నది పాక్ జొంగ్హ్వా కలం పేరు. రాజుల కథలు రాసినవాడి పేరున ఉన్న గౌరవం కౌలు రైతుల కథకు దక్కింది.

జపాన్ గురించి

జపాన్ సామ్రాజ్యవాదం మీద ఆమె కోపం జీవితాంతం తగ్గలేదు. తాను పూర్తిగా జపాన్ వ్యతిరేక రచయిత్రినని, కానీ జపనీయుల వ్యతిరేకిని కానని ఆమె తేడా చూపించేవారు. నవలలో దానికి సాక్ష్యం ఒగాతా జిరో. కొరియన్ ఉద్యమకారిణి యు ఇన్‌సిల్‌ను ప్రేమించిన జపనీయుడు. ఇద్దరికీ బిడ్డ పుడతాడు, కలిసి బతకలేరు. అతన్ని దుర్మార్గుడిగా చూపించి ఉంటే రచయిత్రికి సులువయ్యేది. నాలుగు, ఐదు భాగాల్లో జపాన్ సంస్కృతి మీద పాత్రలు చేసే చర్చలు పేజీలకు పేజీలు సాగుతాయి, కథ నడక అక్కడ మందగిస్తుంది. నవల మొత్తంలో బలహీనమైన చోటు అదే. మొదటి భాగంలో నాలుగు మాటల్లో చెప్పగలిగిన మనిషే ఇక్కడ వాదిస్తూ కూర్చున్నారు. బాల్యం మొత్తం ఆ భాషలో చదవాల్సి వచ్చిన మనిషి ఆ సంగతి తేల్చుకోకుండా ఎలా ముగిస్తారు అన్న మాటా ఉంది. ఇరవై సంపుటాల పూర్తి జపనీస్ అనువాదాన్ని టోక్యోలోని ఒక చిన్న ప్రచురణ సంస్థ 2024లో పూర్తిచేసింది. ఇంగ్లిష్‌లో మొదటి భాగాన్ని ఆగ్నిటా టెనంట్ అనువదించారు.

వొంజు

1980లో సియోల్ వదిలి కొండ ప్రాంతమైన వొంజుకు మకాం మార్చారు. జైలుపాలైన అల్లుడి కుటుంబానికి తోడుగా ఉండటం కూడా అందుకు కారణం. అక్కడ మందులు చల్లకుండా మిరప, కూరగాయలు పండించారు. ఇంటి చుట్టూ రాళ్లు తానే పేర్చారు. పొద్దున పొలం, రాత్రి రాత. ఐదో భాగం 1992 సెప్టెంబరు నుంచి ఒక దినపత్రికలో వచ్చింది. 1994 ఆగస్టు 15 తెల్లవారుజామున రెండు గంటల ప్రాంతంలో చివరి పేజీ పూర్తయింది. కథలో సొహీకి లొంగుబాటు వార్త అందిన తారీకు కూడా అదే, 49 ఏళ్ల ముందు. అప్పటికి ఆమెకు 67 ఏళ్లు.

ఇళ్ల స్థలాల కోసం ఆ ఇంటిని ప్రభుత్వం సేకరించబోతే సాహిత్యాభిమానులు అడ్డుపడ్డారు. ఇప్పుడది 'తోజీ' సాహిత్య ఉద్యానం. ఆమె ఊరి బయట మెజిరిలో 1999లో తోజీ సాంస్కృతిక కేంద్రం తెరిచి, ఏకాగ్రతగా రాసుకోవాలనుకునే రచయితలకు గదులిచ్చారు. తోటలో పండిన ఆకుకూరలతో వాళ్లకు తానే కూరలు చేసిపెట్టేవారు. ఆమె పేరున 2011లో నెలకొల్పిన అంతర్జాతీయ పురస్కారం 2025లో భారతీయ రచయిత అమితావ్ ఘోష్‌కు వచ్చింది. నల్లమందు వ్యాపారం, ఒప్పంద కూలీల కథలను నవలలుగా మలిచిన ఆయనకు ఆ పేరున గౌరవం దక్కడం తగిన పనే.

2003లో 'నబియా, ఛొంగ్సాన్ కాజా' అనే కొత్త నవల మొదలుపెట్టారు. మూడు విడతలతో ఆగిపోయింది. 2004లో, దాదాపు 50 ఏళ్ల తర్వాత, తోంగ్యోంగ్‌లో అడుగుపెట్టారు. 2008 మే 5న చనిపోయారు. ఆ ఊరికి ఎదురుగా ఉన్న మిరుక్ దీవిలో, సముద్రం కనిపించే గట్టు మీద సమాధి చేశారు.

ప్యోంగ్సారిలో నవల వచ్చాక, నవలలో రాసినట్టుగానే, చ్వె వారి లోగిలి కట్టారు. నిజంగా అక్కడ అలాంటి ఇల్లు ఎప్పుడూ లేదు. కొండవాలు మీది ఆ ముంగిట నిలబడితే కింద అగ్యాంగ్ మైదానం, దాని పక్కన నది. శరత్తులో వెళ్తే వరి పండి ఉంటుంది, కోత యంత్రాలు చేలో తిరుగుతుంటాయి.